పాట ఎత్తుకోగానే మాట ఆగిపోయింది

కోటప్పకొండ తిరునాళ్లకు వచ్చి, రాత్రి తెల్లవార్లూ పద్యనాటకం చూసిన తరం నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉంది. హార్మోనీ శ్రుతి అందుకుని హరిశ్చంద్రుడు కాటిసీను పద్యం ఎత్తుకుంటే, రాగం పూర్తయీ కాకముందే జనంలోంచి 'వన్స్‌మోర్' అని కేక పడేది. కన్నకొడుకు శవం ఎదురుగా ఉన్నా నటుడు మళ్లీ మొదటినుంచి పాడేవాడు. కథ ఆగిపోయిందని ఎవరూ విసుక్కోలేదు. వాళ్లు వచ్చిందే పద్యం కోసం.

'కన్యాశుల్కం' ఆ బాపతు నాటకం కాదు. సినిమాగా తీసినప్పుడు తేడా కొట్టింది అక్కడే.

1892లో విజయనగరంలో మొదట ఆడిన ఈ నాటకం 1897లో అచ్చయింది. 1909 నాటికి గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాశాడు. నవ్వంతా మాటల్లోనే పెట్టాడు. మొదటి అంకంలో మధురవాణి ఇంటి సీను ఒక్కటి చదివితే చాలు. రామప్పపంతులు అప్పటికే మంచం కింద నక్కి ఉంటాడు. చీపురుకట్ట పట్టుకుని పూటకూళ్లమ్మ ఊడిపడేసరికి గిరీశమూ అక్కడే దూరతాడు. గిరీశానికి పడాల్సిన దెబ్బ పంతులుకి తగులుతుంది. ఒక మాటకీ ఇంకో మాటకీ నడుమ వేలు పట్టేంత సందు కూడా ఉండదు. ఈ నాటకానికి తాళమంటూ ఉంటే ఆ వేగమే.

1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో వినోదా వాళ్లు తీసిన సినిమాకు నటుల విషయంలో వంక పెట్టలేం. లుబ్ధావధానులుగా గోవిందరాజుల సుబ్బారావు, రామప్పపంతులుగా సి.ఎస్.ఆర్., అగ్నిహోత్రావధానులుగా విన్నకోట రామన్నపంతులు, మధురవాణిగా సావిత్రి. ఆ వరస చూస్తేనే కడుపు నిండుతుంది. ముప్పైరెండేళ్ల ఎన్టీఆర్ గిరీశం వేయడానికి ఒప్పుకోవడం చిన్న సాహసం కాదు. సంగీతం ఘంటసాల. విడిగా వింటే ఒక్క పాటనూ కాదనలేం.

విడిగా వింటేనే. శ్రీశ్రీ గీతం సుశీల గొంతులో ఎంత హాయిగా ఉన్నా, ఆ పాట పాడే మధురవాణి నాటకంలో మనకు తెలిసిన మధురవాణి కాదు. నాటకంలో ఆమె ఎదుటివాణ్ని మాటతో కొలుస్తుంది, మాటతోనే కట్టిపడేస్తుంది. తన దిగులు పైకి చెప్పుకోదు. చెప్పుకోదు కాబట్టే చివరి అంకంలో వకీలు సౌజన్యారావు ఎదుట ఆమె నిలబడిన తీరు గుండెకు తగులుతుంది. సినిమా ఆ దిగులును ముందే పాటగా విప్పేసింది.

గురజాడదే 'పూర్ణమ్మ' గేయాన్ని కూడా ఇందులో చేర్చారు. ముసలివాడికి అమ్ముడుపోయి ప్రాణం తీసుకున్న పిల్ల కథ. విషయం ఒకటే, నిజమే. కానీ అదే దురాచారం మీద గురజాడ ఒకచోట ఏడుపు రాశాడు, ఇంకోచోట నవ్వు రాశాడు. తెలిసే రెంటినీ వేరుగా ఉంచాడు. కలిపేసరికి, కళ్లు తుడుచుకున్న ప్రేక్షకుడికి మళ్లీ నవ్వడానికి కాసేపు పడుతుంది. హాస్యనాటకం అంతసేపు ఆగలేదు.

మాటల నాటకానికి పాట పొసగదని కాదు. బెర్నార్డ్ షా బతికున్నన్నాళ్లూ తన 'పిగ్మేలియన్'ను సంగీత నాటకం చేయనివ్వలేదు. 1950లో ఆయన పోయాక, 1956లో అది 'మై ఫెయిర్ లేడీ'గా రంగస్థలం ఎక్కింది, 1964లో సినిమా అయింది. అందులో ప్రొఫెసర్ వేషం వేసిన రెక్స్ హారిసన్ పాటను సగం పాడి సగం మాట్లాడతాడు. ప్రొఫెసర్ వాదన ఆగకుండానే పాటలోకి జారుతుంది. మాటలోంచి పుట్టిన పాట కనుక కథ నిలబడిపోలేదు.

ఈ విద్య పల్నాటికి కొత్తదేం కాదు. కార్తీక అమావాస్యకు కారెంపూడిలో మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో వీరవిద్యవంతులు పల్నాటి యుద్ధం కథ చెబుతుంటే గమనించాలి. ఎక్కడ రాగం తీయాలో, ఎక్కడ దాన్ని తెంచి వచనంలోకి దిగాలో వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. రాయబారం నాటి ఎత్తుకు పైయెత్తు వినాలనుకునేవాడికి రాగం అడ్డమే. బాలచంద్రుడు యుద్ధానికి కదిలేచోట రాగం లేకపోతే లోటు.

విజయనగరంలో జె.వి. సోమయాజులు, రమణమూర్తి అన్నదమ్ములు 'కన్యాశుల్కా'న్ని ఏళ్ల తరబడి ఆడారు. రామప్పపంతులు అన్న, గిరీశం తమ్ముడు. ఏడంకాల నాటకాన్ని ఒక రాత్రికి సరిపడా కుదించుకోక తప్పలేదు గానీ, వాళ్లు జనాన్ని కూర్చోబెట్టింది మాటతోనే.

నరసరావుపేటలోనో మాచర్లలోనో ఏ కాలేజీ పిల్లలైనా ఈ ఏడు వార్షికోత్సవానికి మొదటి అంకం ఒక్కటీ ఆడితే బాగుండును. హార్మోనిస్టును వెతుక్కోనక్కర్లేదు. ఒక నులకమంచం, ఒక చీపురుకట్ట, నోరున్న పూటకూళ్లమ్మ దొరికితే చాలు.