దోనె కొలతలు, దోనె మాటలు: నౌకాశిల్పుల పత్రాల విలువ

నౌకాశిల్పి వృత్తిజీవితానికి ప్రధానాధారాలు అతడి రేఖాపటాలు, కొలతల పట్టికలు, లెక్కల పుస్తకాలు. అవి నిలిస్తే ఓడ శిథిలమైన తరువాత కూడా దాని ఆకృతిని పునర్నిర్మించవచ్చు. గోదావరి ముఖద్వారంలోని కోరంగిలో ఓడలు కట్టిన వడ్రంగుల విద్య మాత్రం ప్రధానంగా చేతి నుంచి చేతికి అందింది. 1839 నాటి తుపాను ఆ రేవును ధ్వంసం చేసింది. అందువల్ల ఈ తీరపు నౌకానిర్మాణ చరిత్రకు పరదేశీయుల పత్రాలు అనివార్యమైన ఆధారాలయ్యాయి. వాటిని ఎలా చదవాలన్నదే ఇక్కడి ప్రశ్న.

ట్రింకోమలీ నౌకాశాలలో ప్రధాన ఓడనిర్మాతగా పనిచేసిన జాన్ ఎడై, కోరమండల్, మలబారు, సింహళ తీరాల నావలపై రాసిన వ్యాసం 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. దోనె పొడవు సుమారు 70 అడుగులనీ, వెడల్పు 20, లోతు 12 అడుగులనీ, అడుగుభాగం చదునుగా ఉంటుందనీ అతడు నమోదు చేశాడు. ఈ కొలతలు అమూల్యమైనవి. అయితే ఆ నిర్మాణం మోటుదనీ, సముద్రయానానికి తగినది కాదనీ అతడు చేసిన నిర్ణయాన్ని కొలతలతో సమానంగా స్వీకరించలేము. ఇసుకమేటలు నిండిన ముఖద్వారాల్లో, పోటుకు లోపలికి వచ్చి ఆటుకు నేలపై నిలవవలసిన నావకు చదునైన అడుగు లోపం కాదు, అవసరం. యుద్ధనౌకల ప్రమాణం సరుకు దోనెకు వర్తించదు.

ఫ్రెంచి నౌకాధికారి ఫ్రాంస్వా ఎద్మొఁ పారీ (1806–1893) దృష్టి వేరు. ఐరోపాయేతర జాతుల నావలను కొలిచి, పటాలు గీసి, 1840ల తొలినాళ్ళలో గ్రంథంగా ప్రకటించాడు. స్థానిక నావను స్థానికావసరానికి లభించిన సమాధానంగా పరిశీలించాడు. ఎడై తీర్పు చెప్పిన చోట పారీ వివరణ వెతికాడు. అయినా ఇద్దరి పత్రాల్లోనూ నావ కనిపించినంతగా దానిని కట్టిన మనిషి కనిపించడు.

తెలుగుదేశపు ఆధారాలది ఇందుకు విపర్యయం. 1244 నాటి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం తుపానుకు చెదిరి తీరం చేరిన ఓడల సరుకుకు రక్షణ కల్పించింది, సుంకాలను నిర్దేశించింది. శ్రీనాథుని హరవిలాసం అవచి తిప్పయసెట్టి సముద్రవర్తకాన్ని కీర్తించింది. వీటిలో ఓడ ఉంది, వర్తకుడున్నాడు, ప్రభువున్నాడు. ఓడ కొలత లేదు.

సముద్రానికి దూరమైన రాయలసీమ పదసంపద ఈ చర్చకు మరొక ఆధారాన్నిస్తుంది. రాప్తాడు వంటి మెట్టప్రాంతపు రైతుకు పుట్టి అంటే ఇరవై తూముల ధాన్యం. తుంగభద్ర, కృష్ణ ఒడ్డున అదే మాట గుండ్రని బుట్టపడవకు పేరు. 16వ శతాబ్దంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ అటువంటి పడవలను వర్ణిస్తూ, వెదురుబద్దలతో అల్లి తోలు కప్పిన తీరును గుర్తించాడు. యాత్రికుడు నిర్మాణాన్ని చూశాడు, భాష పేరును నిలుపుకొంది. రెండింటినీ కలిపి చదివినప్పుడే ఆ పడవ పరిశోధకునికి పూర్తిగా అందుతుంది.

కనుక నౌకాశిల్పుల పత్రాలను కేవలం సాంకేతిక చరిత్రకారులకు వదిలివేయడం తెలుగు పరిశోధనకు నష్టం. ఎడై, పారీల పటాలను తాళ్ళరేవు ప్రాంతంలో కొయ్యపడవలు కట్టే వారి ముందుంచి, ఒక్కొక్క భాగానికి వారు వాడే మాటను, ఆ భాగం చేసే పనిని నమోదు చేయాలి. 1962లో వ్యవసాయ పదాలతో ఆరంభమైన మాండలిక వృత్తిపదకోశం ఇందుకు పద్ధతిని చూపింది. కొయ్యపడవల స్థానాన్ని ఫైబరు పడవలు ఆక్రమిస్తున్న కొద్దీ ఆ మాటలు తెలిసిన వారు తగ్గిపోతున్నారు. పటాలు గ్రంథాలయాల్లో నిలిచి ఉంటాయి. వాటిని చదివి సరిదిద్దగల వడ్రంగుల సాక్ష్యాన్ని ముందుగా సేకరించవలసి ఉంది.