కారంపూడి చీకట్లో కెమెరా

రాత్రివేళ పొలాల మీద కదిలే వెలుగును తెలుగు పల్లెలు కొరివి దెయ్యమన్నాయి. కెమెరాలు చేతికొచ్చాక, చూసినవారి మాట చాలక, ఫొటో చూపమని అడగడం మొదలైంది. అయితే ఫొటోలో వెలుగు పడటం వేరు, అది నిజంగా ఎదుట ఉండటం వేరు. ఈ తేడాను తేల్చడమే ఇలాంటి ఛాయాగ్రహణంలో అసలు నేర్పు.

ఉదాహరణకు, పల్నాడులోని కారంపూడిలో పల్నాటి యుద్ధ వీరుల ఆరాధన కార్తీక అమావాస్యనాడు మొదలై, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో ఐదు రోజులు సాగుతుంది. వెన్నెల లేని రాత్రి, జనం నడకకు లేచే దుమ్ము, ఫ్లాష్ లేనిదే పని జరగని కెమెరా కలిసినచోట, ఆయుధాలు పట్టిన వీరాచారవంతుల, అంటే ఆ వీరుల ఆచారాన్ని పాటించేవారి, తలల మీద తెల్లటి బిళ్లలు తేలుతున్నట్టు ఫొటో వస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు. లెన్సుకు అంగుళాల దూరంలో తేలే ధూళి కణం ఫ్లాష్ కాంతిని వెనక్కి కొడుతుంది. అది ఫోకస్‌కు అందనంత దగ్గరగా ఉండటంతో పాలరంగు బిళ్లలా విస్తరించి నమోదవుతుంది. దీన్నే ఆర్బ్ అంటారు. ఫ్లాష్ లెన్సును ఆనుకొని ఉండే చిన్న కెమెరాల్లో, ఫోన్లలో ఇది మరీ ఎక్కువ. ఆ బిళ్లను పెద్దది చేసి చూస్తే, ఎపర్చర్, అంటే కాంతిని లోనికి వదిలే రంధ్రం, పలకలుగా ఉన్న కెమెరాలో బిళ్ల అంచు కూడా పలకలుగానే కనిపిస్తుంది. వీరులపై పల్నాటివారి భక్తి దుమ్ము బిళ్లల సాక్ష్యం మీద ఆధారపడినది కాదు, ఆధారపడకూడదు కూడా.

ఫ్లాష్ ఆపినా కనిపించే దూరపు వెలుగుల విషయం ఇంతకన్నా కష్టం. పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీలున్నాయి, రహదారిపై లారీల దీపాలున్నాయి. వేడెక్కిన నేల మీది గాలి పొరలు ఆ దీపాలను వణికిస్తాయి; నేల చల్లబడి, చల్లగాలి మీద వెచ్చగాలి పొర పరుచుకుంటే అవి ఒక్కోసారి పైకి లేచినట్టు కనిపిస్తాయి. ఇలాంటి వెలుగులేమిటో తేల్చేందుకే నార్వేలోని హెస్‌డాలెన్ లోయలో 1984లో పరిశోధకులు కెమెరాకు కాంతిని రంగులుగా విడదీసే గ్రేటింగ్ అనే పలకను తగిలించారు. అక్కడి వెలుగుల్లో కొన్నింటికి నేటికీ అందరూ ఒప్పుకొనే వివరణ లేదు. ఆ పద్ధతి ఇక్కడా పనికొస్తుంది: సోడియం దీపం 589 నానోమీటర్ల దగ్గర పసుపు గీతగా బయటపడుతుంది, ఎల్‌ఈడీ నీలం కొసన మిట్టతో తెలిసిపోతుంది, మంట రంగులన్నీ కలిసిన పట్టీగా పరుచుకుంటుంది. రెండుచోట్ల స్టాండు మీద నిలిపిన కెమెరాలు ఒకే క్షణంలో తీసిన ఫొటోలుంటే, కోణాల తేడాతో వెలుగు దూరం లెక్కకట్టవచ్చు.

ఈ పనిలో చేయి తిరగాలనుకునేవారికి శివరాత్రి నాటి కోటప్పకొండ ప్రభలు మంచి పాఠం. విద్యుద్దీపాలతో మెరిసే ఆ ఎత్తైన కట్టడాలు ఏమిటో, ఎక్కడున్నాయో ముందే తెలుసు కనుక, దూరపు చేను గట్టు నుంచి తీసిన ఫొటోలో తెలిసిన దీపం ఎంతగా మారిపోతుందో సరిచూసుకోవచ్చు.