ఎర్ర సీసాకి తీర్పు

రంజాన్ నెలలో పత్తర్‌గట్టీకి రాత్రి పదకొండంటే పట్టపగలే. మా ఆవిడ గాజులకని లాడ్‌బజార్‌లో దూరింది. నేను చార్మినార్ దగ్గర పాన్ డబ్బా ముందు నిలబడ్డాను. పక్కన ఓ కుర్రాడు "ఠండా వాలా దేదో భాయ్" అని ఎర్రటి ఎనర్జీ డ్రింక్ కొని, నాలుగు గుక్కల్లో ఖాళీచేసి బండెక్కాడు. నాలుగు గుక్కల్లో రుచేం తెలుస్తుంది? నేనూ ఒకటి కొన్నాను.

చల్లగా ఉంటే నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది. మిగతాది గ్యాసు చురుకులో మరుగున పడుతుంది. అందుకే సగం తాగి సగం దాచాను. గంట తర్వాత మూత తీస్తే అసలు సంగతి బయటపడింది. ముందు పాకం, వెనకాల చిన్నప్పటి దగ్గుమందు, చివర్న నాలుక మొదట్లో సన్నటి చేదు. స్ట్రాబెర్రీ ఎన్నడూ తినని మనిషి ఊహించుకున్న స్ట్రాబెర్రీలా ఉంది. చేదు మాత్రం నిజమైనదే, కెఫీన్‌ది. ఒకరకంగా గ్యాసు పోయిన ఆ పాకమే ఈ డ్రింకుల పూర్వరూపం. రెడ్ బుల్‌కి మూలమైన క్రేటింగ్ డేంగ్ థాయ్‌లాండ్‌లో లారీ డ్రైవర్లు, కూలీలు తాగిన గ్యాసులేని తియ్యటి టానిక్. దానికి గ్యాసు ఎక్కించి 1987లో ఆస్ట్రియాలో అమ్మడం మొదలుపెట్టారు.

ఇక్కడికి నాలుగడుగుల దూరంలో నిమ్రా కేఫ్‌లో చాయ్ తాగేవాళ్లని చూడండి. డికాక్షన్ ఎక్కువ మరిగిందని, పాలు పలచనయ్యాయని పేచీ పెడతారు. అదే మనిషి ఎర్ర సీసా పట్టుకుంటే తీర్పు చెప్పడం మానేస్తాడు. ఎలా ఉందంటే "కిక్ ఉంది" అంటాడు, అంతే.

సరే, కిక్కే చూద్దాం. అరగంటకి కళ్లు విప్పారాయి. కాళ్ల నొప్పి మాత్రం అలాగే ఉంది. మెదడులో అలసటని తెలిపే అడినోసిన్ కూర్చోవాల్సిన చోట కెఫీన్ కర్చీఫ్ వేస్తుంది, ఆర్టీసీ బస్సులోలాగా. అడినోసిన్ దిగిపోదు, నిలబడి కాచుకుంటుంది. మన ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం లీటరుకి కెఫీన్ 145 నుంచి 300 మిల్లీగ్రాములు ఉండొచ్చు. పావులీటరు సీసాలో 75 దాటకూడదన్నమాట. పిల్లలకీ గర్భిణులకీ వద్దని, రోజుకి 500 మిల్లీలీటర్లు మించొద్దని కూడా రాసి ఉండాలి. రాసే ఉంది. ఆ అక్షరాలకి నాకు కళ్లజోడూ, డబ్బావాడి ఫోన్ లైటూ కావాల్సొచ్చాయి.

కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు 5 గంటలు. నేను రెండో సగం తాగింది పన్నెండుకి. తెల్లవారుజామున సహరీ సైరన్ మోగేవేళకి కిటికీ దగ్గర కూర్చునే ఉన్నాను. మా వీధిలో అన్ని ఇళ్లలో దీపాలు వెలిగాయి. వాళ్లు నిద్రపోయి లేచారు.