పక్క మార్చే చేతులు

యానాంలో పక్షవాతంతో మంచం పట్టిన మనిషిని కాకినాడ పెద్దాసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక, అసలు వైద్యం ఇంట్లో ఆడవాళ్ల చేతుల్లో పడుతుంది. వాళ్లు రోగిని పక్కకి తిప్పే తీరు చూడాలి. చెయ్యి పట్టి లాగరు. లాగితే పడిపోయిన భుజం జారుతుంది. నడుం కింద నాలుగు మడతల పాత నేతచీర ఉంటుంది. అటొకరు ఇటొకరు దాని అంచులు పట్టుకుని, “మావయ్యగారూ, ఇటు తిరుగుదామండీ” అని చెప్పి మరీ ఎత్తి తిప్పుతారు. ఈడిస్తే చర్మం ఒరుసుకుపోతుంది మరి. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఇంకోటి, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద మడతపెట్టిన దుప్పటి. నల్లని ఒంటి మీద ఎరుపు చప్పున తెలియదు. అందుకే నడుం కింది ఎముక దగ్గర అరచెయ్యి ఆనించి, వేడెక్కిందా, గట్టిపడిందా అని తడుముతారు. పుండుకి అదే మొదలు. గౌతమి ఒడ్డు ఉక్కలో చెమట ఓ పట్టాన ఆరదు, తొడల మడతలు తుడుస్తూనే ఉండాలి. రెండు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా ఇదే పని. ఏళ్ల తరబడి మంచంలో ఉన్న మనిషి వీపు మీద ఒక్క పుండు లేదంటే, నా లెక్కలో అది ఏ పెద్ద ఆపరేషనుకీ తీసిపోదు. అలాంటి ఇంటికి పలకరింపుకి వెళ్తే పళ్లు ఇచ్చి వచ్చేయకండి, ఒక రాత్రి వంతు మీరు తీసుకోండి.