స్తంభం జరుగుతుంది, గుట్ట జరగదు

సికింద్రాబాదులో రైలు దిగే మన పిల్లల్లో చాలామందికి మౌలాలి అంటే ఒక స్టేషన్ పేరు. ఆ గుట్ట పరిసరాల్లోనూ, అటు హస్మత్‌పేట, బోయిన్‌పల్లి వైపూ ఇనుప యుగపు మనుషులు తమ వాళ్ళను పాతిపెట్టి, చుట్టూ బండలు పేర్చిన సమాధులు ఉండేవి. 1924లోనే ఇ.హెచ్. హంట్ ఈ హైదరాబాదు రాతి సమాధుల మీద లండన్ పత్రికలో వ్యాసం రాశాడు. 1935లో నిజాం పురావస్తు శాఖ మౌలాలిలో తవ్వించింది. రాసిపెట్టినా, తవ్వి చూసినా, వాటిలో చాలా భాగం పెరిగిన నగరం కిందికి పోయింది.

అదే సికింద్రాబాదులో ఇవాళ పవర్‌గ్రిడ్, ఎన్‌టీపీసీ సంస్థల ప్రాంతీయ కార్యాలయాలు ఉన్నాయి. మన అడవుల మీదుగా, చేల మీదుగా పోయే పెద్ద కరెంటు లైన్ల కాగితాలు అలాంటి చోట్ల తయారవుతాయి. ఏ ప్రాజెక్టు పర్యావరణ నివేదిక తీసినా అందులో పురావస్తు, చారిత్రక స్థలాల గురించి ఒక గడి ఉంటుంది. మన ప్రాంతాల విషయంలో ఆ గడిలో తరచూ రాసే మాట ఒక్కటే: ‘లేవు’. ఆ ‘లేవు’ అనే మాటను మేము ఇక్కడ విమర్శిస్తున్నాం.

ముందు జరిగిన మంచిని ఒప్పుకోవాలి. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. అంతకు ముందే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నాగార్జునకొండ లోయలో తవ్వకాలు మొదలై 1960 దాకా సాగాయి. రాతియుగపు పనిముట్ల నుంచి ఇక్ష్వాకుల విహారాల దాకా నీళ్ళు రాకముందే రికార్డు చేశారు. తొమ్మిది కట్టడాలను కొండ మీద తిరిగి నిలబెట్టారు. దేశంలో అంత పెద్ద పని అరుదు. కానీ ఆ మ్యూజియం చూసి వచ్చినవాళ్ళు ఇక్ష్వాకుల గురించి చెప్తారు. అదే జలాశయంలో మునిగిన లంబాడా తండాల గురించి, ఆ తండాల సీత్లా భవాని గద్దెల గురించి ఎవరూ చెప్పరు.

శ్రీశైలంలోనూ అంతే. 1963లో శంకుస్థాపన జరిగినప్పుడు అది కరెంటు ప్రాజెక్టు. ముంపు వస్తుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విడదీసి, అలంపురం దగ్గర మళ్ళీ కట్టారు. రాళ్ళకు అంత ఓపికగా చోటు వెతికిన ప్రభుత్వం, 1981లో ముంపు ఊళ్ళను బలవంతంగా ఖాళీ చేయించింది. గుడిని కాపాడారని మాకు బాధ లేదు. గుడికి దొరికిన మర్యాద ఊరికి ఎందుకు దొరకలేదన్నదే మా ప్రశ్న.

పోలవరం దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ముంపు ప్రాంతంలోని రుద్రంకోటలో పురావస్తు శాఖ పాత రాతి సమాధులు తవ్వింది. అది అవసరమైన పనే. కానీ అక్కడి కోయలు, కొండరెడ్లు ఇప్పటికీ మొక్కే చెట్లు, రాళ్ళు, వాగు గట్లు ఏ శాఖ లెక్కలోకి వస్తాయి? మూడు వేల ఏళ్ళ కింద చనిపోయిన మనిషి కుండ చారిత్రక సంపద అవుతుంది. నిన్న పండుగ చేసిన కొలువు మాత్రం నష్టపరిహారం పట్టికలో ‘చెట్టు ఒకటి’ అవుతుంది.

ఈ లెక్క ఎలా తయారైందో చూడాలి. 1958 నాటి కేంద్ర చట్టం రక్షిత కట్టడాలకు వర్తిస్తుంది. 2010 సవరణ తర్వాత వాటి చుట్టూ 100 మీటర్లు నిషేధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రణ ప్రాంతం. జాబితాలో పేరుంటే ఈ కొలతలు పనిచేస్తాయి, పేరు లేకపోతే ఒక్క మీటరు కూడా లేదు. సర్వే చేసేవాళ్ళు జాబితా చూస్తారు, మ్యాపు చూస్తారు, ‘లేవు’ అని రాస్తారు. వాళ్ళు అబద్ధం రాయడం లేదు. అడగాల్సిన వాళ్ళను అడగకుండా రాస్తున్నారు.

మేడారాన్నే తీసుకోండి. చిలకలగుట్ట మీద గోపురం లేదు, శాసనం లేదు. రెండేళ్ళకోసారి సమ్మక్క అక్కడి నుంచి గద్దెకు వస్తుంది. 1996లో జాతరకు రాష్ట్ర పండుగ హోదా వచ్చింది. ఇవాళ ఆ గుట్ట మీద స్తంభం వేస్తామని ఎవరూ అనలేరు. అదే తాడ్వాయి మండలంలో దామరవాయి అడవిలో పెద్ద పెద్ద బండలతో గదుల్లా కట్టిన సమాధులు ఉన్నాయి. చుట్టుపక్కల వాళ్ళు వాటిని రాకాసి గుళ్ళు అంటారు. మేడారానికి పేరుంది, రాకాసి గుళ్ళ గురించి చదువుకున్నవాళ్ళు రాశారు. ఈ రెండూ లేని గుట్టలు ప్రతి ఇలవేల్పుకూ ఉన్నాయి. వాటి కథ డోలి పాటలోనూ పడిగె బొమ్మల్లోనూ ఉంది. సర్వే మ్యాపులో లేదు.

ఇక్కడ ఆనకట్టకూ కరెంటు లైనుకూ ఉన్న తేడా గమనించాలి. ఆనకట్ట నదిని బట్టి కడతారు, నీళ్ళు నిలిచాక ముంపు ఆగదు. లైను అలా కాదు. ఒకటికి మూడు దారులు పోల్చి చూసి ఒకటి ఎంచుకుంటారు. 400 కేవీ లైనుకు కావలసిన దారి వెడల్పు సుమారు 46 మీటర్లు. స్తంభం భూమిని పట్టుకునేది నాలుగు కాళ్ళ దగ్గర. ముందే తెలిస్తే ఆ కాళ్ళను పక్కకు జరపవచ్చు. పవర్‌గ్రిడ్ 1998లోనే సొంత పర్యావరణ, సామాజిక విధానం రాసుకుంది. సున్నితమైన చోట్లను తప్పించడం అందులో మొదటి సూత్రం. సూత్రం మంచిదే. కానీ ఎవరూ చెప్పని చోటును ఎవరు తప్పిస్తారు?

చెప్పే హక్కు మనకు చట్టంలో ఉంది. 1996 పెసా చట్టం గ్రామసభకు తన సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే శక్తి ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ సాంస్కృతిక వారసత్వాన్ని దెబ్బతీసే పనులను అడ్డుకునే అధికారం ఇచ్చింది. 2013 ఏప్రిల్‌లో నియమగిరి తీర్పులో సుప్రీంకోర్టు, ఆ కొండ మీద డోంగ్రియా కోంధుల మత, సాంస్కృతిక హక్కులను గ్రామసభలే తేల్చాలని చెప్పింది. పన్నెండు గ్రామసభలూ గని వద్దన్నాయి.

కానీ అదే ఏడాది ఫిబ్రవరి 5న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. రోడ్లు, పైపులైన్లు, కరెంటు లైన్ల వంటి పొడవాటి ప్రాజెక్టులకు అటవీ భూమి తీసుకునేటప్పుడు గ్రామసభ సమ్మతి అక్కర్లేదంది. ఆదిమ తెగల గుర్తింపు పొందిన హక్కులు దెబ్బతినే చోట మాత్రమే మినహాయింపు. చెంచు, కొలాం, కొండరెడ్డి ఆ జాబితాలో ఉన్నారు. కోయ, గోండు లేరు. పట్టా భూమిలోనైతే 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద పాత టెలిగ్రాఫ్ చట్టపు అధికారాలు లైను వేసేవాళ్ళకు దక్కుతాయి. అంటే మార్చడానికి ఏది తేలికో, దాని గురించే మనల్ని అడగనక్కర్లేదన్నారు. మా విమర్శలో ముఖ్యమైన మాట ఇదే.

పనిచోట ఇంకో సంగతి ఉంది. గుంత తవ్వేటప్పుడు కుండ పెంకు, ఇనుప ముక్క మొదట కనిపించేది ఇంజనీరుకు కాదు, గడ్డపార పట్టిన కూలీకి. చాలాచోట్ల ఆ కూలీ మన పిల్లవాడే. భూమిలో దొరికిన నిక్షేపం గురించి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెప్తుంది. చెప్తే పని ఆగుతుంది, ఆ రోజు కూలి పోతుంది. అందుకే పెంకు మళ్ళీ మట్టిలో కలుస్తుంది. పని ఆగిన రోజుకు కూడా కూలి ఇవ్వాలని కాంట్రాక్టులో రాయకుండా, ‘ఏదైనా దొరికితే తెలియజేయాలి’ అని రాయడం కాగితానికే పనికొస్తుంది.

తప్పంతా అవతలి వాళ్ళదేనని మేము అనడం లేదు. మన పెద్దలు పోతుంటే వాళ్ళతో పాటు గుట్టల పేర్లు పోతున్నాయి. నిధుల ఆశతో రాతి సమాధులను తవ్వినవాళ్ళకు దారి చూపింది కొన్నిసార్లు మన ఊరివాళ్ళే. బడిలో మన టీచర్లు చార్మినార్ కట్టిన ఏడు అడుగుతారు, ఊరి గట్టు పేరు అడగరు.

కాబట్టి లైను వచ్చేదాకా ఆగకుండా ప్రతి ఊళ్ళో ఒక పుస్తకం మొదలుపెట్టాలి. చోటు పేరు మన భాషలో, ఏ గట్టు వారిది, ఏ నెలలో కొలుపు, ఎంత దూరం దాకా చెప్పులతో పోకూడదు, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు. ఫొటో పెద్దలు ఒప్పుకుంటేనే. రహస్యంగా ఉంచవలసిన చోటు వివరాలు గ్రామసభ దగ్గరే ఉండాలి, బయటికి ‘ఈ సరిహద్దులో పని వద్దు’ అన్న గీత చాలు. దాన్ని తీర్మానం చేసి కలెక్టరుకు, ఐటీడీఏకు, వారసత్వ శాఖకు, లైను సర్వేకు వచ్చిన కంపెనీకి ఇచ్చి రసీదు తీసుకోవాలి. ప్రపంచ బ్యాంకు 2018 నుంచి అమలు చేస్తున్న నియమాల్లో కట్టడాలతో పాటు ఆచారాలు కూడా వారసత్వమేనని ఉంది. దాని అప్పుతో నడిచే ప్రాజెక్టయితే ఆ నియమాన్నీ చూపించాలి.

ఎనిమిదో తరగతి పిల్లలు ఒక వేసవి సెలవుల్లో తమ ఊరి పుస్తకం రాయగలరు. టీచర్లు పక్కన కూర్చుంటే చాలు. ఆ పుస్తకం ఉన్న ఊరి గురించి ‘లేవు’ అని రాయాలంటే, రాసేవాళ్ళు ముందు ఆ రసీదుకు జవాబు చెప్పాలి.