పట్టపగలు అరుంధతి

కథలాపూర్ వైపు పెండ్లిళ్లలో అరుంధతిని చూపించే వేళకు ఫొటోగ్రాఫర్‌కు చెమటలు పడతాయి. తాళి, తలంబ్రాలు అయ్యాక అయ్యగారు జంటను పందిట్లోంచి ఎండలోకి తీసుకొచ్చి ఉత్తరం దిక్కుకు చెయ్యి చూపిస్తాడు. మిట్టమధ్యాహ్నం చుక్క ఎక్కడ కనపడుతుంది? అయినా ఇద్దరూ కనపడ్డదనే అంటారు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. అంతా కలిపి అర నిమిషం.

ఆ అర నిమిషంలో తీసిన ఒక ఫొటో గురించే ఈ నాలుగు మాటలు. తీసినాయన పేరు అవసరం లేదు. ఈ పక్క చిన్న స్టూడియోల పనితనానికి ఇది మంచి మచ్చు.

మాఘమాసపు లగ్గం. ఆ రోజుల్లో మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. ఉత్తరానికి తిరిగి నిలబడితే వీపుకు ఎండ, మొహానికి నీడ. దానిమీద బాసింగం ఒకటి, కండ్ల దాకా ఇంకో నీడ. కెమెరాను ఆటోలో పెట్టి నొక్కితే రెండే జరుగుతాయి: మొహాలు సరిగ్గా వస్తే ఆకాశం సున్నం కొట్టిన గోడలా తెల్లబోతుంది, ఆకాశం నిలిస్తే మొహాలు నల్లబడతాయి. ఈ ఫొటోలో మాత్రం ఆకాశం నీలంగానే ఉంది. పిల్ల చెంపల మీది పసుపు పసుపులాగే ఉంది, బుగ్గచుక్క కూడా విడిగా కనిపిస్తోంది. వెనక షామియానా కర్రలు, డీజే డబ్బాలు, ట్రాక్టరు అన్నీ మెత్తటి రంగులుగా కరిగిపోయాయి.

లెక్క చూద్దాం. నిండు ఎండకు ఫిల్మ్ రోజుల నుంచీ ఒక కొండగుర్తు ఉంది: ఐఎస్ఓ 100కి ఎఫ్/16, సెకనులో వందో వంతు. వెనక గందరగోళం కరగాలంటే ఎఫ్/16 పనికిరాదు, లెన్సు తెరవాలి. ఎఫ్/2.8కి తెరిస్తే వెలుగు ఐదు స్టాపులు, అంటే ఐదుసార్లు రెండింతలు, పెరుగుతుంది. దాన్ని తగ్గించేందుకు షట్టర్‌ను 1/3200కి తీసుకెళ్లాలి. ఆకాశం పని అయింది. మొహాలకు ఫ్లాష్ కావాలి, అసలు చిక్కు అక్కడుంది.

మన కెమెరాల్లో షట్టర్ అంటే రెండు తెరలు. మొదటిది తెరుచుకుంటూ పోతుంది, రెండోది మూసుకుంటూ వస్తుంది. 1/200, 1/250 దాకా సెన్సర్ మొత్తం ఒక్క క్షణమైనా తెరిచి ఉంటుంది, ఫ్లాష్ ఆ క్షణంలో మెరుస్తుంది. అంతకు మించి వేగం పెంచితే మొదటి తెర పూర్తిగా పోకముందే రెండోది బయలుదేరుతుంది. సెన్సర్ మీద నడిచేది సన్నటి చీలిక మాత్రమే. ఒక్క మెరుపు అంతటికీ అందదు, ఫొటోలో నల్లపట్టీ పడుతుంది. దీనికి విరుగుడే హై స్పీడ్ సింక్. అందులో ఫ్లాష్ ఒక్కసారి పేలకుండా, చీలిక ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచినంతసేపూ వేగంగా మిణుకుతూనే ఉంటుంది. 1986లో ఒలింపస్ ఓఎం-4 టీఐ కెమెరాతో, ఎఫ్280 ఫ్లాష్‌తో ఈ పద్ధతి వచ్చింది.

ఊరికే రాదు ఇది. మెరుపును అంతసేపు సాగదీస్తే బలం రెండు స్టాపులో, ఇంకా ఎక్కువో పోతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. మామూలు ఫ్లాష్‌లో 1/100 నుంచి 1/200కి వెళ్తే ఆకాశం మాత్రమే ముదురుతుంది, మొహం మీద ఫ్లాష్ వెలుగు తగ్గదు. హై స్పీడ్ సింక్‌లో షట్టర్ ఒక స్టాపు పెంచితే ఆకాశమూ తగ్గుతుంది, ఫ్లాషూ తగ్గుతుంది. ఇది తెలియనివాళ్లు ఫ్లాష్ చెడిపోయిందేమోనని బ్యాటరీలు మారుస్తుంటారు.

ఈ ఫొటోగ్రాఫర్ చేసిన పనిలో నాకు బాగా నచ్చింది ఇదే. షట్టర్‌ను మళ్లీ ముట్టుకోలేదు, దీపాన్నే కదిలించాడు. దూరం సగమైతే వెలుగు నాలుగింతలు, అంటే పోయిన రెండు స్టాపులు తిరిగొచ్చినట్టే. సహాయకుడు కర్రకు కట్టిన ఫ్లాష్‌ను జంట తలల కంటే పైనుంచి, ఓరగా, ఫ్రేము అంచుకు ఆనేంత దగ్గరగా దించాడు. బాసింగం నీడలోకి కూడా వెలుగు దూరింది. కండ్లలో చిన్న తెల్లటి మెరుపు తప్ప ఫ్లాష్ వాడిన జాడే లేదు. నీడలను పూర్తిగా చెరిపెయ్యలేదు కూడా. ఎండలో నిలబడ్డ మనిషి మొహం మీద కొంత నీడ ఉంటేనే అది ఎండ అనిపిస్తుంది.

ఫోకస్ సంగతి వేరే చెప్పాలి. 85 ఎం.ఎం. లెన్సుతో మూడు మీటర్ల నుంచి ఎఫ్/2.8లో తీస్తే, ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో స్పష్టంగా వచ్చే లోతు జానెడు కంటే తక్కువే. పెండ్లికొడుకు అరడుగు వెనక్కి జరిగితే చాలు, మసకబారతాడు. అందుకే అయ్యగారు చెయ్యెత్తకముందే ఇద్దరి భుజాలూ ఒక్క వరసలోకి తెచ్చి పెట్టాడు. మీటరింగ్ కూడా మొహం మీదే. ఫ్రేములో తెల్లపంచె ఎక్కువైతే కెమెరా అంతా వెలుగే అనుకుని ఫొటోను చీకటి చేసేస్తుంది.

ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయిన రాజా దీనదయాళ్‌కు వెలుగు చాలకపోవడమే చిక్కు. గాజుపలకలకు పగటి వెలుగు పట్టి పట్టి అందించాలి. మన పెండ్లి ఫొటోగ్రాఫర్‌ది ఎక్కువైన వెలుగుతో పేచీ. తెరలే లేకుండా సెన్సర్ మొత్తాన్నీ ఒకేసారి చదివే సోనీ ఆల్ఫా 9 త్రీ కెమెరాను 2023 చివర్లో ప్రకటించారు, దానికి ఈ బెడదే లేదు. మండల కేంద్రంలోని స్టూడియో అది కొనాలంటే ఎన్ని లగ్గాలు కొట్టాలో మరి.

అరుంధతి అయిపోగానే చుట్టాలంతా గుంపు ఫొటోకు నిలబడ్డారు, దుబాయ్‌లో ఉన్న అన్నకు వీడియో కాల్‌లో చూపిస్తూ ఒకరు ఫోన్ పైకెత్తారు. మూడు వరసల మనుషులకు జానెడు లోతు ఏమూలకు? ఈయన హై స్పీడ్ సింక్ తీసేసి, 1/200, ఎఫ్/11 పెట్టి, ఫ్లాష్‌ను పూర్తి బలానికి తిప్పి, కర్ర పట్టుకున్న పిల్లగాణ్ని పది అడుగులు వెనక్కి జరగమన్నాడు.