గేర్‌బాక్స్ దించకముందు

ఘాటీ ఎక్కుతున్న జీపులో మాడు వాసన గుప్పుమంటే క్లచ్ ప్లేటు కాలుతోందని డ్రైవర్‌కే కాదు, వెనక ఇరుక్కుని కూర్చున్నవాళ్లకూ తెలిసిపోతుంది. ఎందుకు కాలుతోందో తేల్చడమే అసలు పని. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ఆ పని పొరపాటున కూడా తేలిగ్గా ఉండదు. ప్లేటును కళ్లతో చూడాలంటే ముందుకీ వెనక్కీ వెళ్లే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ విప్పాలి, ట్రాన్స్‌ఫర్ కేసుతో సహా గేర్‌బాక్సును దించాలి. లిఫ్టు లేని షెడ్డులో అది జాకీలతో, ఇద్దరు కుర్రాళ్ల భుజబలంతో జరిగే చాకిరీ. ఇంతా చేసి కొత్త ప్లేటు వేసి పంపాక, అసలు జబ్బు వేరే చోట ఉంటే బండి మళ్లీ అదే వాసనతో తిరిగొస్తుంది.

బొంబాయిలో మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది 1947లో. అప్పటినుంచి జీపు వెళ్లిన ప్రతిచోటా జీపు మేస్త్రీ తయారయ్యాడు. పాడేరు ఘాట్ రోడ్డయినా, మారేడుమిల్లి అడవి దారయినా ఇదే కథ. గురువు పక్కన స్పానర్లు అందిస్తూ నేర్చుకున్న ఆ విద్యలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది, విప్పకుండానే తేల్చుకునే పద్ధతి.

అది ప్రశ్నలతో మొదలవుతుంది. ‘‘వాసన ఎక్కడొచ్చింది బాబూ? ఎత్తులోనా, బురదలోనా? లో గేరు వేశావా? పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా జారుతోందా, వేడెక్కాకేనా?’’ వినడానికి కబుర్లలా ఉంటాయి. కానీ ఒక్కో జవాబుతో ఒక్కో అనుమానితుడు తప్పుకుంటాడు.

ఇంజిన్ వైపు ఫ్లైవీలు, గేర్‌బాక్స్ వైపు ప్లేటు ఒకే వేగంతో తిరుగుతున్నంతసేపూ క్లచ్‌లో వేడి పుట్టదు. రెండింటి వేగంలో తేడా ఉన్న క్షణాల్లోనే రాపిడి, వేడి. రెండు చక్రాలకే శక్తి అందే బండి బురదలో దిగబడితే చక్రం గిర్రున తిరిగేస్తుంది, క్లచ్ బతికిపోతుంది. నాలుగు చక్రాలూ నేలను పట్టుకున్న బండిలో ఆ వెసులుబాటు లేదు. ఎక్కడో ఒకచోట జారాలి కాబట్టి క్లచ్ జారుతుంది. పెద్ద టైర్లు వేయించుకున్న కుర్రాళ్ల బండ్లు తరచూ ఈ బాధతోనే వస్తాయి. టైరు వ్యాసం పెరిగితే గేరు బరువెక్కినట్టే.

అందుకే లో గేరు (ట్రాన్స్‌ఫర్ కేసులోని లో రేంజి) సంగతి ముందుగా అడుగుతారు. యుద్ధకాలపు విల్లీస్ జీపులో లో రేంజి నిష్పత్తి 1.97. అంటే అదే ఇంజిన్ వేగానికి బండి సుమారు సగం వేగంతో కదులుతుంది. చదును నేల మీద ఆగిన బండి కదిలేటప్పుడు క్లచ్‌లో పుట్టే వేడి మాత్రం సగం కాదు, దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంత లాభం చేతికింద పెట్టుకుని కూడా, లో గేరు లివరు ముట్టుకుంటే ఏదో పాడవుతుందని భయపడే డ్రైవర్లు బోలెడుమంది. హాఫ్ క్లచ్‌లో బండిని ఎత్తు మీద నిలబెట్టేవాళ్లు వాళ్లే.

డ్రైవర్ తప్పు కాదని తేలితే చెయ్యి పెడలు మీదికి వెళ్తుంది. వేలితో నొక్కితే మొదట కాస్త ఖాళీగా కదలాలి. ఆ ప్లే లేకపోతే, కాలు తీసినా రిలీజ్ బేరింగు ప్రెజర్ ప్లేటును నొక్కుతూనే ఉందని అర్థం. కేబులు బండి అయితే సర్దుతారు, లేదా తుప్పుపట్టిన కేబులు మారుస్తారు. హైడ్రాలిక్ బండి వేడెక్కాకే జారుతుంటే ఇంకో కిటుకు ఉంది. స్లేవ్ సిలిండర్ బ్లీడర్ స్క్రూను కొద్దిగా వదులు చేస్తారు. చుక్క ఆయిలు చిమ్మి, జారడం ఆగిపోయిందంటే దొంగ దొరికినట్టే. ఆయిలు వెనక్కి పోయే దారి మాస్టర్ సిలిండర్‌లో మూసుకుపోయింది. ప్లేటు ఇంకా బాగుంటే గేర్‌బాక్సు జోలికి పోనక్కర్లేదు.

తర్వాత బండి కిందికి దూరతారు. బెల్ హౌసింగ్ అడుగున తడి ఉంటే వేలితో తీసి వాసన చూస్తారు. గంధకం వాసన కొడితే గేర్ ఆయిలు, అంటే గేర్‌బాక్స్ ముందు సీలు పోయింది. అది కాక మసిబారిన ఇంజిన్ ఆయిలయితే క్రాంకు వెనక సీలు. ఆయిలు తాగిన ప్లేటు ఎలాగూ మార్చాల్సిందే, కానీ సీలు మార్చకుండా ప్లేటు ఒక్కటే వేయమనే యజమాని మాటకు మంచి మేస్త్రీ ఒప్పుకోడు.

చివరి పరీక్ష హ్యాండ్‌బ్రేకు బిగించి, ఫుట్‌బ్రేకు తొక్కి, మూడో గేరులో ఇంజిన్ కొంచెం పెంచి పెడలు వదలడం. ఇంజిన్ ఠక్కున ఆగిపోవాలి. ఆగకుండా గునుస్తూ తిరుగుతుంటే ప్లేటు పట్టు పోయింది. ఈ పరీక్ష ఒక్కసారే చేయాలి. చూద్దామని మళ్లీ మళ్లీ చేస్తే, మిగిలిన కాస్త ప్లేటునూ పరీక్షే తినేస్తుంది.

దించక తప్పనప్పుడు కూడా చదువు ఆగదు. ఫ్లైవీలు మీద నీలి మచ్చలుంటే అక్కడ లోహం సుమారు 300 డిగ్రీలు చూసిందని లెక్క. సన్నని పగుళ్లు, రివెట్లు గీసిన గాట్లు, ఒకవైపే ఎక్కువ అరుగుదల, వీటన్నిటికీ ఒక్కో కారణం ఉంటుంది. ఈ సంప్రదాయంలో నేను సమర్థించలేని అలవాటు ఒకటుంది. లోపలి దుమ్మును గాలిగొట్టంతో ఊదేస్తారు. పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడిస్తే సరిపోయే పనికి ఇంత ముప్పు ఎందుకు?

దారిలోనే వాసన వస్తే మేస్త్రీలు చెప్పేది సులువైన మాట. చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, పెడలు మీంచి కాలు తీసేయాలి. ఇంజిన్‌ను మాత్రం ఆపకూడదు. ఫ్లైవీలు తిరుగుతుంటే బెల్ హౌసింగ్‌లో గాలి కదులుతుంది, ప్లేటు త్వరగా చల్లారుతుంది. నీళ్లు అసలే పోయొద్దు, కాగిన ఇనుము బీటలు వారుతుంది. బండి మళ్లీ కదిలేటప్పుడు లో గేరులోనే కదలాలి.